తీసినదానికి కోడ్

ఆసుపత్రి కింది అంతస్తులో కోడింగ్ గది; రోగులకి చేసిన ప్రతి వైద్యానికీ బిల్లు కోసం ఒక కోడ్ నంబరు వేసేది ఇక్కడే. కిటికీ లేదు. తెర ముందు కొత్తమ్మాయి, ఆమె కుర్చీ వెనక సీనియర్ అక్క.

"ఇంకా అదే ఫైలా? పొద్దుటినుంచి పొదుగుతున్నావా ఏంటి దాన్ని?"

"అయిపోతుందక్కా."

"ఇందాకా ఇదే మాట. ఎక్కడ ఆగింది?"

"గుండె పంపు దగ్గర. కొన్నాళ్లకని కాలి నరంలోంచి పెడతారే, అది. పెట్టినదానికి కోడ్ వేశాను."

"తీసినదానికి?"

"తీసినట్టు డాక్టరుగారు రాయలేదు."

"మర్చిపోయుంటాడు. పేషెంటుకి గుండెలో రోగం, ఆయనకి చేతిలో. పెట్టి ఎన్నాళ్లయింది?"

"చాన్నాళ్లే."

"అన్నాళ్లు ఉంచరు. తీసేసే ఉంటారు. వేసెయ్."

"రాయనిది వెయ్యకూడదని నువ్వేగా నేర్పావు."

"నేర్పాను తల్లీ, నా గొయ్యి నేనే తవ్వుకున్నాను! నెలాఖరు. మంచాల మీదున్నవాళ్ల ఫైళ్లు కూడా ఇవాళే తేల్చాలి. ఉండు, డాక్టరుకి ఫోన్ చేస్తా."

"వద్దు."

"పోనీ ఐసీయూలో అడిగొస్తా. మన నెత్తిమీదేగా."

"వద్దక్కా. నేను వెళ్లొచ్చాను."

"ఎప్పుడు?"

"టీకని చెప్పి."

"టీకని చెప్పి ఐసీయూకా! ఏమన్నారు?"

"పంపు ఉంది. తిరుగుతోంది."

"ఆ ముక్క ముందే ఏడవచ్చుగా! ఇంకా తియ్యలేదని పెట్టు, ఫైలు పక్కకి పోతుంది. ఒక్క నొక్కు... ఏం, వేలికి గోరింటాకు పెట్టుకున్నావా? జరుగు, నేను నొక్కుతా."

"నొక్కొద్దక్కా! నీకు దణ్ణం పెడతా, నొక్కొద్దు."

"ఏయ్... ఎవరే ఆ పేషెంటు?"

"మనకి పేర్లు కనబడవుగా."

"నాకు కనబడదు. నీకు?"

"రెండో పేజీలో ఉంది చూడు. మోకాలి కింద పాత స్టీలు కడ్డీ. సైకిల్ మీద నన్నెక్కించుకుని పడ్డప్పుడు వేశారు. నాకు మాత్రం దెబ్బ తగలనివ్వలేదు."

"నాన్నగారా! మరి ఊరెళ్లారన్నావు?"

"అన్నాను."

"అయ్యో పిచ్చిదానా. ఇంట్లో ఇంకెవరున్నారే?"

"నేనూ నాన్నా. అంతే."

"లే ముందు. సొంతవాళ్ల ఫైలు మనం ముట్టుకోకూడదు. నాకివ్వు, నేను పూర్తి చేస్తా. నువ్వు పైకెళ్లి ఆయన పక్కన కూర్చో."

"పూర్తి చెయ్యకక్కా."

"ఎందుకు?"

"ఆ గుండె ఇక తనంతట కొట్టుకోదట. పంపు తియ్యమంటారా అని డాక్టరుగారు నన్నే అడిగారు."

"నువ్వేమన్నావు?"

"చేతిలో ఒక ఫైలుంది, అది పూర్తవగానే వచ్చి చెబుతానన్నాను."