బసోపా దాహం: డాక్టర్ నొకుతుల మసూకు గారి పదవీ విరమణ వేళ

1992 ఆగస్టు మూడవ తేదీ సోమవారం నాడు, బులవాయో పడమటి బస్తీల నడుమ ఉన్న మన జంతు వైద్యశాలలో డాక్టర్ నొకుతుల మసూకు గారు సహాయ వైద్యురాలిగా బాధ్యతలు స్వీకరించారు. అది ఘోరమైన కరువు సంవత్సరం. పశువులు దారుల వెంట కూలిపోతుంటే ముసలి కుక్కల సంగతి ఎవరికి పట్టింది? మందునీళ్ల వాసనతో, కిరసనాయిలు పొయ్యి మీద సదా మరిగే టీతో, కిటికీలోంచి రాలిపడే జకరండా పూలతో నిండిన ఆ పాత వరండాలో, జుట్టు ఊడిన ప్రతి ముసలి కుక్కకూ ఒకటే తీర్పు వినిపించేది: "వయసైపోయింది, తీసుకెళ్లండి."

ఆ మాట నొకుతుల గారికి మొదటి నుంచీ గిట్టలేదు.

తొలి సంవత్సరాలు పిచ్చికుక్కల వ్యాధికి టీకాలు వేయడంలో, అటు తరువాత ప్లమ్‌ట్రీ సరిహద్దులో పశువుల తనిఖీలో గడిచాయి. తిరిగి ఇక్కడికి వచ్చాక, ఆమె దృష్టి వార్ధక్యంలోని శునకాల గ్రంథిలోపాల వైపు మళ్లింది. తిండి పెరగకుండానే లావెక్కి, ఎండలోనూ పొయ్యి పక్కనే ముడుచుకునే కుక్కకు గొంతు దగ్గరి గ్రంథి మందగించి ఉండవచ్చనీ, ఎంత తిన్నా చిక్కిపోయే కుక్కకు చక్కెర వ్యాధి ఉండవచ్చనీ ఆమె మనల్ని పరీక్ష బల్ల దగ్గర నిలబెట్టి మరీ నేర్పించారు. గృహిణుల చేత కుక్కలకు ఇన్సులిన్ సూదులు వేయించారు. జనం నవ్వారు. నవ్వితే నవ్వారు, కుక్కలు బతికాయి.

ఇక బసోపా సంగతి. ఇది చెప్పకుండా ఆమెకు దండ వేస్తే ఆ దండకు అర్థం లేదు.

కుళాయిలు రోజుల తరబడి ఎండిపోయిన ఒక వేసవిలో, రైల్వేలో గార్డుగా చేసి విశ్రాంతి తీసుకుంటున్న గిడియన్ ట్షుమా అనే పెద్దాయన తన ముసలి కుక్క బసోపాను చంపించడానికి తీసుకొచ్చాడు. ఇరుగుపొరుగు క్యూలో నిలబడి బోరింగు దగ్గర పట్టుకున్న బకెట్లలో అది మూతి పెడుతోంది. వీధి వీధంతా ఆయన మీద పడింది.

"ఎంత తాగుతాడు తాతా?" అని నొకుతుల గారు అడిగారు.

"ఎంతని చెప్పను తల్లీ? ఇంట్లో మాకే లేవు నీళ్లు. మేం దాచేస్తాం, వాడు దొంగిలిస్తాడు."

దాహమే ఇలాంటి గ్రంథి రోగాలకు పెద్ద గుర్తు. నీళ్లు దాచుకునే ఊళ్లో ఆ గుర్తు ఎవరికి కనబడుతుంది? ఆమె లోపలికి వెళ్లి నిండు బకెట్ తెచ్చి కుక్క ముందు పెట్టారు. నర్సు మాండ్లోవు పరుగున వచ్చింది.

"అయ్యో డాక్టరమ్మా, అవి ఆపరేషన్ నీళ్లు! రేపు నా ఉమ్మితో కడుక్కుంటారా చేతులు?"

"కడుక్కుంటాలే, నీ నోరు ఎప్పుడూ ఎండదుగా. కాస్త చూడనీ."

బసోపా తల ఎత్తకుండా తాగాడు. ఉబ్బిన పొట్ట, కాగితంలా పలచబడ్డ చర్మం, పక్కల్లో రాలిన వెంట్రుకలు. మూత్రంలో చక్కెర లేదు. "మందులేమైనా వేస్తున్నావా తాతా?" అని అడిగితే, ట్షుమా కోటు జేబులోంచి గర్వంగా ఒక పొట్లం తీశాడు. "మీ బిళ్లలేగా! రెండేళ్లయింది, ఒక్కరోజు తప్పలేదు. దురద పోయింది."

అవి స్టెరాయిడ్ బిళ్లలు. కొద్ది రోజులకని ఇచ్చినవి. ఆయన వచ్చిన ప్రతిసారీ కుక్కను చూడకుండానే మళ్లీ మళ్లీ ఇచ్చింది మన వైద్యశాలే.

అప్పటి పెద్ద డాక్టరు గారు ఆమెను పక్కకు పిలిచారు. "ముసలిదే కదా, వయసని చెప్పి పంపించెయ్. మన పరువు బజారుకెక్కించకు." కాదంటే ఉద్యోగానికే ముప్పని ఆమెకు తెలుసు. బల్ల దగ్గరకు తిరిగి వచ్చి, వరండాలో అందరూ వింటుండగా చెప్పారు.

"తాతా, ఇది వయసు కాదు. మేమిచ్చిన బిళ్లలే వీణ్ని ఇట్లా చేశాయి."

ట్షుమా పొట్లం నేలకేసి కొట్టాడు. ఆమె వంగి ఏరారు.

"ఇవి ఒక్కసారిగా ఆపితే వీడు చచ్చిపోతాడు. మూత్రపిండాల మీదుండే గ్రంథి చెయ్యాల్సిన పని ఇన్నాళ్లూ ఈ బిళ్లలు చేశాయి. అది నిద్రపోయింది. నెలల మీద కొంచెం కొంచెం తగ్గిస్తూ లేపాలి."

"విషం పెట్టినోళ్లే ఇంకాస్త పెట్టమంటున్నారా?"

"అవును తాతా. నమ్మమనడానికి నాకు మొహం లేదు. అయినా అడుగుతున్నా."

ట్షుమా ఆమె చేతిలోంచి పొట్లం తీసుకున్నాడు. "మరి నీళ్లో? వీధివాళ్లు రాళ్లేస్తారు."

"అవి నేను తెస్తా."

తెచ్చారు. ఎన్‌కెటా బస్తీలోని తన ఇంటి నీళ్ల వాటాలోంచి డబ్బా నింపుకొని బస్సులో ఆ వీధికి మోశారు. బోరింగు దగ్గర ఆడవాళ్లు ఊరుకుంటారా? "డాక్టరమ్మా, మేమూ మొరుగుతాం, మాక్కూడా ఓ బకెట్ పోస్తావా?" ఆమె వాళ్లతో కలిసి నవ్వి, తప్పు ఎవరిదో అక్కడా చెప్పారు. దురదకు మూలమైన గోమార్లను మందుతో కడిగి వదిలించారు. బిళ్ల సగమైంది, పావైంది, ఆగింది. దాహం తగ్గింది. పక్కల్లో కొత్త వెంట్రుకలు మొలిచాయి. బసోపా మూడు శీతాకాలాలు ఎండలో పడుకొని, ఒక ఉదయం నిద్రలోనే వెళ్లిపోయాడు. ఆ కబురు చెప్పడానికి ట్షుమా నడుచుకుంటూ వచ్చి, మాండ్లోవు ఇచ్చిన టీ తాగి వెళ్లాడు.

ఆ నిజానికి ప్రతిఫలంగా నొకుతుల గారి పదోన్నతిని ఏళ్ల తరబడి తొక్కిపెట్టారు. ఈ వీడ్కోలు సంచికలో ఈ ముక్క అచ్చు వేయకూడదని ఎవరికైనా అనిపించినా సరే, వేయండి. తరువాత ఆమె ప్రధాన వైద్యురాలై పెట్టిన పద్ధతి మీకందరికీ తెలుసు: కుక్కను బల్ల మీదికి ఎక్కించకుండా ఒక్క బిళ్ల కూడా మళ్లీ ఇవ్వకూడదు. ఆ పద్ధతిని విసుక్కున్నవాళ్లమూ మనమే, ఇవాళ దాన్ని చూపించి గొప్పలు చెప్పుకునేవాళ్లమూ మనమే.

ఆ వరండా ఇప్పుడు లేదు. కొత్త భవనంలో పలకలు మెరుస్తున్నాయి, యంత్రాలు వచ్చాయి. అయినా ఆమె అడుగుల చప్పుడు వినిపించని ఉదయాన్ని ఊహించుకోలేకపోతున్నాం.

డాక్టర్ నొకుతుల మసూకు గారు భర్తతో, బిడ్డలతో, మనవలతో, షోలోట్షో ఊళ్లోని తమ మేకల మందతో ఆయురారోగ్యాలతో నిండుగా జీవించాలి. మనం మళ్లీ ఏదో ఒకనాడు తప్పు చేస్తాం. ఆనాడు సిగ్గుపడుతూ వెళ్లి తలుపు తట్టగలిగేంత దగ్గర్లో, మనల్ని నిలబెట్టి కడిగేయగలిగేంత ఓపికతో, ఆమె నూరేళ్లూ ఉండాలి.