సగమయ్యే మందు

ఆసుపత్రి స్కానింగ్ గదిలో టెక్నీషియన్ ఫోను చెవికి ఆనించుకొని గోడగడియారాన్నే చూస్తున్నది. అవతల మాట్లాడుతున్నవాడు వేరే ఊరి విమానాశ్రయంలో సరుకులు ఎక్కించే గుమాస్తా.

“ఆరువందల కిలోమీటర్లే కదండీ! స్కాన్ మందు గంటా పది నిమిషాల్లో ఇక్కడ దిగాలి.”

“గాల్లోకి లేస్తే దిగుతుందమ్మా. ఇక్కడంతా పొగమంచు. ఇంకో రెండు గంటలు విమానం కదలదు.”

“రెండు గంటలా! అది రేడియోధార్మిక మందు, దాని శక్తి రెండు గంటలకోసారి సగమైపోతుందండీ. ఇద్దరికని తెప్పిస్తే ఒక్కరికే మిగులుతుంది.”

“మంచుకి నేనేం చెప్పను? వరసలో ముందెవరుంటే వాళ్లకి చేసేయండి.”

“ముందున్నది మా అమ్మ.”

“మరింకేం?”

“రెండో ఆయనకి రేపు పొద్దున్నే ఆపరేషన్. ఈ స్కాన్ చూడందే డాక్టరుగారు కత్తి పట్టరు.”

“అమ్మగారు ఆగగలరా?”

“మందు మళ్లీ వచ్చేది వారానికి. ఆగగలదో లేదో తెలియడానికే ఈ స్కాన్.”

గుమాస్తా గొంతు తగ్గించాడు. “ఇంకా టైముంది కదమ్మా, నిదానంగా ఆలోచించుకోండి.”

“అదేనండీ నా భయం.” ఆమె సంచిలోంచి బిస్కెట్ల పొట్లం తీసింది. “ఏమైనా తింటే ఇవాళ స్కాన్ చెయ్యకూడదు. నా మనసు మారకముందే అమ్మకి ఇవి తినిపించేస్తాను. మీరు మాత్రం ఆ మందు డబ్బా విమానం ఎక్కించండి.”