నొప్పి లేదన్న అత్తగారు

నొప్పి కబురు నరాల్లో ఎలా పరుగెడుతుందో పరిశోధించే గది అది. పరీక్షకు వస్తానన్న మనిషి రాకపోవడంతో కోడలు తన అత్తగారినే కుర్చీలో కూర్చోబెట్టి, చేతికి తీగలు అంటించి, మణికట్టు మీద వేడి బిళ్ల పెట్టింది.

"నొప్పి పుడుతోందా అత్తయ్యా?"

"లేదమ్మా, కానీయ్."

"ఇంకాస్త వేడి పెంచాను. ఇప్పుడు?"

"ఊహూఁ."

కోడలు చటుక్కున బిళ్ల తీసేసింది. "తెర మీద ఆ గీత చూడండి. మీ నరం గగ్గోలు పెడుతోంది. మీరేమో లేదంటారు. ఎందుకు దాస్తున్నారు?"

"అలవాటైపోయిందిలే."

"ఇక్కడ నొప్పంటే ఎవరూ ఏమీ అనుకోరు అత్తయ్యా."

"ఇంట్లో అనుకున్నారు కదమ్మా. భుజం లాగేస్తోందని మొన్న నీతోనే చెప్పాను. పడ్డ దెబ్బ ఎప్పుడో మానింది, స్కానింగులో ఏమీ లేదు, ఊరికే ఊహించుకోకండి అన్నావు. అబ్బాయి నవ్వాడు కూడా. ఆ పూట నుంచి నోరు మూసుకున్నాను."

కోడలికి తన పాఠమే గుర్తొచ్చింది. దెబ్బ మానినా నరాలు నొప్పి కబురు పంపుతూనే ఉండొచ్చని ఆ పొద్దున్నే విద్యార్థులకు పాఠం చెప్పి వచ్చిందామె.

"భుజంలో ఇప్పుడూ ఉందా?"

"ఉంది."

"ఎలా ఉంటుంది?"

"చెబితే నమ్ముతావా, అక్కడా తీగలు అంటిస్తావా?"

కోడలు మిషను ఆపేసి, కుర్చీ దగ్గరగా లాక్కుని కూర్చుంది.

"నమ్ముతాను. చెప్పండి అత్తయ్యా."