పేరు లేని వరుసలను నిలబెట్టిన నాగమల్లేశ్వరి గారు

1998వ సంవత్సరం మార్చి 2వ తేదీ సోమవారం ఉదయం, సింగపూర్ పాయా లేబర్‌లోని మన క్వేసైడ్ రికార్డ్స్ సంస్థలో శ్రీమతి నాగమల్లేశ్వరి గారు నాణ్యతా పరిశీలకురాలిగా విధుల్లో చేరారు. అప్పటికి వారి వయస్సు యాభై రెండేళ్లు. కంప్యూటర్ భాష ఒకటి వస్తే చాలు, ఇరవై మూడేళ్ల కుర్రవాడికి విమానం టికెట్ ఇంటికే వచ్చిపడే రోజులవి. అటువంటి కాలంలో, అటువంటి యువజనుల నడుమ, చేనేత చీర కట్టుకుని, చేతిలో ఎర్ర పెన్సిల్‌తో, స్క్రీనుకు ముఖం మరీ దగ్గరగా పెట్టి కూర్చున్న ఈ చరిత్ర అధ్యాపకురాలిని చూసి, దారితప్పి వచ్చారేమోనని అనుకున్నవారే ఎక్కువ.

కాకినాడలో ఒక మహిళా కళాశాలలో చిరకాలం చరిత్ర బోధించిన వారు, భర్త వీరభద్రరావు గారికి జురాంగ్ నౌకా నిర్మాణ కేంద్రంలో ఇంజనీరు ఉద్యోగం లభించడంతో సింగపూర్ వచ్చి బూన్ లేలో స్థిరపడ్డారు. 1997లో వీరభద్రరావు గారు గుండెపోటుతో హఠాత్తుగా పరమపదించారు. కర్మకాండలు ముగిశాక తమ్ముడు సుధాకరరావు గారు, "అక్కా, ఇంకిక్కడ ఎవరున్నారని? సామాను సర్దెయ్, మనింటికి పోదాం," అన్నారు. కుమార్తె శ్రీజ అప్పుడు సెకండరీ నాలుగో ఏడు, అంటే మన పదో తరగతి, చదువుతోంది. "ఇది కూడా మనిల్లేరా. దీని చదువు ఒడ్డెక్కేదాకా నేను కదల్ను," అని వారు శాంతంగా చెప్పి తమ్ముణ్ణి సాగనంపారు. ఆ తరువాత ఒక సాయంకాలపు కంప్యూటర్ తరగతిలో చేరారు. ఆ తరగతి ముగిసిన నెలలోనే మన సంస్థ తలుపు తట్టారు.

మన విభాగం అప్పుడు చేపట్టిన పని విచిత్రమైనది. పంతొమ్మిదో శతాబ్దపు ఐర్లండ్‌లో భూస్వాములు తమ ఎస్టేట్లలోని కౌలుదార్ల నుండి వసూలు చేసిన శిస్తుల పద్దులను ఫొటోలుగా పంపితే, వాటిలోని పేర్లనూ ఊళ్లనూ వరుసల వారీగా ఎక్కించి, తమ పూర్వీకులను వెదుక్కునేవారికి ఇంటర్నెట్‌లో అందుబాటుకు తేవాలి. ఆ దేశపు పాత జనగణన పత్రాలు చాలావరకు నశించిపోయినందున, ఫలానా మనిషి ఫలానా ఊళ్లో బ్రతికాడనడానికి అనేక కుటుంబాలకు మిగిలిన ఆధారాల్లో ఈ శిస్తు పద్దులు ముఖ్యమైనవి. కొత్తగా చేరినవారికి ఈ సంగతి బోధపరచడంలో నాగమల్లేశ్వరి గారి పద్ధతే వేరు.

"మన జమీందారీల్లో దివాణం లెక్కలు ఉండేవి చూశారూ, అవే ఇవి," అనేవారు. "ముందు ఆ నేల ఏ దొరదో తెలుసుకోవాలి. దొర తెలిస్తే దివాణం తెలుస్తుంది, దివాణం తెలిస్తే రైతు దొరుకుతాడు. కానీ ఒకటి గుర్తుపెట్టుకోండి. దొరకి నేరుగా శిస్తు కట్టినవాడి పేరే ఇందులో ఉంటుంది. వాడి దగ్గర మళ్లీ కౌలుకి తీసుకున్నవాడూ, కూలికెళ్లినవాడూ ఉండరు. ఇక్కడ లేనంతమాత్రాన వాళ్లు పుట్టలేదని రాసెయ్యకండి."

వారి నిశితత్వం అందరికీ హాయిగా ఉండేదని చెబితే అతిశయోక్తి అవుతుంది. గడువు దగ్గర పడుతున్నప్పుడు వారి బల్ల మీద ఆగిపోయిన కట్టలను చూసి ప్రాజెక్టు మేనేజర్ డెరిక్ టాన్ తల పట్టుకున్న సందర్భాలు కోకొల్లలు. "మల్లేశ్వరీ, గుడ్ ఎనఫ్ లా!" అని ఆయన తమ సింగపూర్ యాసలో మొరపెట్టుకుంటే, తమ టిఫిన్ డబ్బాలోంచి గోంగూర పచ్చడి ఒక చెంచా ఆయన అన్నం మీద వేసి, మళ్లీ పనిలోకి వంగేవారు. హాకర్ సెంటర్ భోజనశాలలో టిష్యూ ప్యాకెట్ పెట్టి బల్ల చోప్ చేయడానికి, అంటే ముందే ఆపుకోవడానికి, మాత్రం వారికి చివరిదాకా మనసొప్పలేదు. "మనిషి లేకుండా చోటు ఆపడమేమిటి, చోద్యం కాకపోతే!" అంటూ పళ్లెం పట్టుకుని నిలబడేవారు.

2001లో వారికి నిజమైన పరీక్ష ఎదురైంది. డాట్‌కామ్ సంస్థలు ఒకటొకటిగా మూతపడుతున్నాయి. మన వెబ్‌సైటు సకాలంలో ప్రారంభమైతేనే విభాగం నిలుస్తుందన్న మాట అందరి నోటా ఉంది. ప్రారంభానికి ముందు ప్రయోగాత్మకంగా చూడడానికి కొందరిని ఆహ్వానించారు. వారిలో కటోంగ్‌లో నివసించే మిస్ నోరా టియర్నీ ఒకరు. నలభై ఏళ్లు సింగపూర్ పిల్లలకు ఇంగ్లీషు పాఠాలు చెప్పి విశ్రాంతి తీసుకుంటున్న ఐరిష్ వంశీకురాలు. ఎనభైకి చేరువైన వృద్ధురాలు. తాతగారు మార్టిన్ టియర్నీ చిన్నతనంలోనే క్లేర్ జిల్లా నుండి బంధువులతో ఇంగ్లండు వెళ్లిపోయారనీ, కరువు రోజుల్లో తండ్రి చనిపోగా తల్లి అక్కడే ఉండిపోయిందనీ ఇంట్లో చెప్పుకునేవారట. ఏ ఊరో మాత్రం ఎవరికీ తెలియదు. కాళ్లు సహకరిస్తుండగానే ఆ ఊరు ఒక్కసారి చూడాలన్నది ఆమె కోరిక.

వెబ్‌సైటు ఆమెకు క్లేర్ జిల్లాలోని మైకేల్ టియర్నీ అనే కౌలుదారును చూపించింది. ఆయనే తన ముత్తాత అని మురిసిపోయి ఆమె విమానం టికెట్ కొనుక్కున్నారు. ప్రారంభోత్సవంలో ఆమె చేత మాట్లాడించాలని మన అమ్మకాల విభాగం ఉత్సాహపడింది. నాగమల్లేశ్వరి గారు మాత్రం ఆ ఎస్టేటు పద్దులను ముందుకు తిప్పుతూ పోయారు. కరువు ముగిసిన చాలా ఏళ్లకు కూడా ఆ మైకేల్ స్వయంగా శిస్తు కడుతూనే ఉన్నాడు.

ఆమెను కూర్చోబెట్టి ఆ మాట చెప్పడం వారికే పడింది. "ఈయన మీ ముత్తాత కాదండీ. మీవారు కరువులోనే పోయారు కదా. ఈయన బతికే ఉన్నాడు."

"మరి మా వాళ్లు ఎక్కడ?" అని అడిగారు మిస్ టియర్నీ.

ఆ ప్రశ్నతోనే నాగమల్లేశ్వరి గారు అసలు ఫొటోలను తెరిచారు. తండ్రి పోతే కౌలు తల్లి పేరుకు మారాలి. పక్క ఎస్టేటు పద్దుల్లో నల్లసిరాతో స్పష్టంగా కనిపించింది: "విడో టియర్నీ", అంటే టియర్నీ గారి వితంతువు. మన సూచికలో ఆ వరుస లేదు. దాని పక్కనే మరొక విడో. ఆమె కూడా లేదు. వెంటనే ప్రోగ్రామర్ గోపీకృష్ణ గారిని పిలిచారు.

"ఆంటీ, ఫస్ట్ నేమ్ మ్యాండేటరీ ఫీల్డ్ అండీ," అన్నారు గుంటూరు నుండి వచ్చిన ఆ యువకుడు. "విడో అన్నది టైటిల్ కింద పోద్ది. పేరు ఖాళీ కదా, ఆ రో రిజెక్ట్ అయిపోద్ది."

"అంటే మొగుడు పోయినవాళ్లందర్నీ అవతల పారేశావన్నమాట."

"నేను కాదాంటీ, ప్రోగ్రాం."

"ప్రోగ్రాం రాసిందెవరయ్యా?"

తిరస్కృతమైన వరుసలు వేలల్లో ఉన్నాయి. కరువులో పోయిన వేలాది మంది భర్తల వెనుక మిగిలి, నేలను వదలకుండా శిస్తు కట్టిన స్త్రీలు వారు. దివాణపు గుమాస్తా వారి పేరు రాయలేదు. మన యంత్రం వారిని అసలు లేకుండా చేసింది. నాణ్యతా ధ్రువపత్రం మీద సంతకం చేయవలసిన నాగమల్లేశ్వరి గారు కలం పక్కన పెట్టారు.

"క్లయింట్ వచ్చే వారమే లాంచ్ అంటున్నారు," అన్నారు టాన్. "ఇప్పుడు ఆపితే డిపార్ట్‌మెంటే పోతుంది లా. నీ కాంట్రాక్ట్ కూడా. కూతురు యూనివర్సిటీలో ఉంది కదా, ఆలోచించు."

ఆ సాయంత్రం పాయా లేబర్‌లో రైలెక్కి బూన్ లేలో దిగేదాకా వారు ఆలోచిస్తూనే ఉన్నారు. వీరభద్రరావు గారు పోయిన నాటి నుండి ఇరుగుపొరుగు తెలుగు ఇళ్లలో పేరంటాల పిలుపులు ఆగిపోయాయి. ఎవరూ కావాలని అవమానించలేదు. జాబితాలో వారి పేరు రాయడం మానేశారు, అంతే. ఆ సంగతి వారు ఎన్నడూ ఎవరితోనూ ప్రస్తావించలేదు; చాలా కాలానికి శ్రీజ చెప్పగా మాకు తెలిసింది. ఆ పూట ఇల్లు చేరాక మాత్రం కూతురితో ఉద్యోగం ఊడవచ్చునని చెప్పారు.

"సంతకం పెట్టెయ్యొచ్చు కదమ్మా, వై లైక్ దట్?" అంది శ్రీజ.

"పెట్టను. పోతే పోనీ, ఇడ్లీలు వేసి అమ్ముతాను."

శ్రీజ తల్లి ముఖంలోకి చూసి నవ్వేసింది. "నీ ఇడ్లీలు రాళ్లు లా. ఎవరూ కొనరు. వెళ్లి వాళ్లతోనే పోట్లాడు."

మరునాడు టాన్ గదిలో, అందరి ఎదుటా, డబ్లిన్‌కు ఫోను కలిపారు. క్లయింటు తరఫున మాట్లాడిన చరిత్ర పరిశోధకురాలికి నాగమల్లేశ్వరి గారు విషయం విన్నవించారు. అవతలి నుండి ఒకే ప్రశ్న వచ్చింది: "ఎంతమంది విడోలు?"

"వేలల్లో ఉన్నారండీ."

"ప్రారంభం వాయిదా వేద్దాం," అన్నదా గొంతు. "వాళ్లు లేకుండా ఎలా?"

వాయిదా దొరికింది కానీ అదనపు ఖర్చు దొరకలేదు. ఆ ఏడు విభాగానికి బోనస్ లేదు. నాగమల్లేశ్వరి గారికి రావలసిన పదోన్నతి వెనక్కి పోయింది. భోజన సమయంలో విసుక్కున్నవారు విసుక్కున్నారు. వారు అన్నీ విన్నారు, ఎవరికీ సంజాయిషీ ఇవ్వలేదు. గోపీకృష్ణ గారు ప్రోగ్రాం మార్చి ఇవ్వగా, ఆ వరుసలన్నింటినీ ఫొటోలతో సరిపోల్చి ఒక్కొక్కటిగా వెనక్కి తెచ్చారు.

క్లేర్ జిల్లా పద్దుల్లో విడో టియర్నీలు ఇద్దరు తేలారు. అందులో ద్రుమ్‌కీల్ అనే చిన్న పల్లెలోని ఆమెకు ఎదురుగా, దివాణపు ఏజెంటు రాసిన వ్యాఖ్యకు నాగమల్లేశ్వరి గారు చేసిన తెలుగు ఇలా ఉంది: "భర్త జ్వరమున గతించె. పెద్ద కొడుకు ఇంగ్లండు పోయె. ఇద్దరు ఆడపిల్లలతో నేల విడువక యున్నది."

మిస్ టియర్నీ ఆ వరుస మీద వేలు పెట్టి, "ఈమె పేరేమిటి?" అన్నారు.

"దివాణానికి అక్కర్లేక రాయలేదండీ. చర్చి వాళ్లు రాసుంటారు. అక్కడి బాప్టిజం రిజిస్టర్లో మార్టిన్ ఉంటేనే ఈమె మీ మనిషి. లేకపోతే రెండో ఆమెని వెదకాలి. ఇప్పుడే సంతోషపడకండి."

మూడు వారాల తరువాత ఐర్లండ్ నుండి ఫోను వచ్చింది. గాలి హోరులో మిస్ టియర్నీ దాదాపు అరుస్తున్నారు. "దొరికింది మల్లేశ్వరీ! మార్టిన్ ఉన్నాడు. తల్లి పేరు హొనోరా. నోరా అంటే హొనోరాకి ముద్దుపేరు. మా నాన్న నాకు ఆమె పేరే పెట్టుకున్నాడు. ఎందుకో నాకెవరూ చెప్పలేదు!"

నాగమల్లేశ్వరి గారు ఫోను పెట్టేసి, లేచి వెళ్లి ముఖం కడుక్కుని వచ్చారు. తరువాత ఆగిన చోటి నుండి పని కొనసాగించారు.

మరుసటి సంవత్సరం గోపీకృష్ణ గారి సతీమణి నిఖిల గారికి శ్రీమంతం జరిగింది. నాగమల్లేశ్వరి గారు వెనుక వరుసలో, తలుపు పక్కన కూర్చున్నారు. గోపీకృష్ణ గారి తల్లి రాజకుమారి గారు గాజుల పళ్లెంతో సరాసరి వారి వద్దకు వచ్చారు.

"మొదటి గాజు మీరే తొడగాలండీ."

"అయ్యో, నేనా? పెద్దవాళ్లు ఏమైనా అనుకుంటారండీ."

"ఇక్కడ పెద్దదాన్ని నేనే," అన్నారు రాజకుమారి గారు. "నా చిన్నప్పుడే నాన్న పోతే, నన్నూ మా తమ్ముణ్ణీ సాకింది మా అమ్మ ఒక్కతే. ఆ చేత్తో తినే పెరిగాను. లేవండి."

నాగమల్లేశ్వరి గారు లేచి వెళ్లి నిఖిల గారి చేతికి మొదటి ఆకుపచ్చ గాజు తొడిగారు. నేడు ఆ బిడ్డకు ఐదేళ్లు. ఇక్కడి తమిళ పిల్లలు అమ్మమ్మను పిలిచినట్టు వారిని "మల్లీ పాటీ" అని పిలుస్తుంది.

2003లో ఆలస్యంగానైనా పదోన్నతి లభించి వారు విభాగాధిపతి అయ్యారు. పేరు లేని వరుసను పారవేయరాదు, ఉన్నదాన్ని ఉన్నట్టే ఎక్కించాలన్న నియమం వారి హయాములోనే సంస్థ నియమావళిలో చేరింది. విశ్వవిద్యాలయంలో జమీందారీ రైతుల మీద పరిశోధన చేస్తున్న అభిజిత్ వంటి యువకులకు, సెలవు దినాల్లో తమ బూన్ లే ఇంటిలో పద్దులు చదివే విద్య నేర్పారు. వచ్చినవారికి ఇడ్లీలు కూడా పెట్టారు. ఆ యువకులు వినయశీలురు కనుక తిన్నారు. శ్రీజ ఇప్పుడు వన్-నార్త్‌లోని ఒక ప్రయోగశాలలో పరిశోధకురాలు.

2007 ఆగస్టు 31న పదవీ విరమణ చేస్తున్న సందర్భంగా, ఇక ఏం చేయబోతున్నారని అడిగితే నాగమల్లేశ్వరి గారు కొంచెం సిగ్గుపడ్డారు. "ఈత నేర్చుకుంటానండీ. కాకినాడలో సముద్రం, ఇక్కడా సముద్రమే. పాదాలు తడుపుకోవడమే తప్ప ఏనాడూ దిగలేదు. జురాంగ్ కొలనులో చేరాను. మొదటిరోజే బోలెడు నీళ్లు తాగాను," అన్నారు.

సహోద్యోగులమందరమూ ముక్తకంఠంతో కోరుకునేది ఇదే: నాగమల్లేశ్వరి గారు ఆయురారోగ్యాలతో, కుమార్తె ముచ్చట్లతో, శిష్యుల ఆదరంతో నిండు నూరేళ్లు వర్ధిల్లాలి. ఇంతకాలమూ ఇతరుల కోసం ఒడ్డున గట్టిగా నిలబడిన ఆ పాదాలు ఇక నిశ్చింతగా నేల వదలాలి. ప్రతి ఉదయమూ ఆ నీరు వారిని తేలికగా, ఆప్యాయంగా మోయాలి.

— ఇండెక్సింగ్ విభాగ సహోద్యోగుల పక్షాన