ఇటలీ కారుకి తెనాలి సీటు

దేవుడు ఒక్కొక్కరికి ఒక్కో పరీక్ష పెడతాడు. తెనాలిలో బండ్ల సీట్లు కుట్టే బాబూలాల్‌కి మటుకు ఏటా నెల్లాళ్ల పరీక్ష పెట్టాడు. రంజాన్ మాసంలో ఆకలికి ఓర్చుకునేవాడు, దాహానికి ఓర్చుకునేవాడు. కోతలు కొయ్యకుండా ఉండాలంటేనే ప్రాణం విలవిల్లాడిపోయేది. అబద్ధం ఆడితే ఉపవాస ఫలమంతా పోతుందని నమ్మిన మనిషి. ఆ ముప్ఫై రోజులూ "ఊఁ", "లేదండి", "అల్లా దయ" తప్ప నోట్లోంచి నాలుగో ముక్క రానిచ్చేవాడు కాదు. అందుకే పండగనాడు మధ్యాహ్నం ఆయన అరుగు మీద కాలు పెట్టటానికి చోటుండదు. లాకులెత్తినప్పుడు కాలవ ఎట్టా దూకుతుందో చూద్దామని వచ్చినట్టు వస్తారు జనం.

రెండువేల అయిదు నవంబర్లో పండగకి, అందరితో పాటు నందివెలుగు నించి బర్నబాస్ కూడా వచ్చాడు, వాళ్లమ్మ రాజమ్మని వెంటబెట్టుకుని. ఆదివారాలు జనాన్ని సూర్యలంక సముద్రానికి తిప్పుకొద్దామని ఓ పాత మినీబస్సు కొన్నాడతను. ఇరవయ్యారు సీట్లూ ఎలకలు కొట్టి, స్ప్రింగులు బయటికొచ్చి ఉన్నాయి. కుట్టించాలి. బాబూలాల్ చేత కుట్టించటమా, గుంటూరు కొట్టుకి ఇవ్వటమా అనేది ఈ సాయంత్రమే తేల్చాలి.

రెడీమేడు కవర్లు దిగిన దగ్గర్నించి బాబూలాల్ కొట్లో మిషను ఆడిన రోజులకంటే ఆగిన రోజులే ఎక్కువ. నమాజుకి బయల్దేరుతుంటే ఆయన భార్య జైనబ్ బీ అత్తరు సీసా చేతికిచ్చి మరీ చెప్పింది: "ఇవాళ పని సంగతి మాట్లాడండి. ఫోము గురించి చెప్పండి, రెగ్జిన్ గురించి చెప్పండి. ఇంకేదీ వద్దు." బాబూలాల్ సరేనన్నాడు. మనస్ఫూర్తిగానే అన్నాడు.

సేమ్యా గ్లాసులు అందరికీ అందాయి. బర్నబాస్ ఒక గుక్క తాగి అడిగాడు. "బాబాయ్, నీ కుట్టుకి వంక పెట్టేవాడు తెనాలిలో లేడని తెలుసు. కానీ ఆటోలు, స్కూటర్లు వేరు. పెద్ద బండ్లకి ఎప్పుడైనా చేశావా?"

"పెద్ద బండ్లంటే..." బాబూలాల్ గడ్డం నిమురుకున్నాడు. "ఏముందిలే అబ్బాయ్. సూర్యలంకలో ఓ ఇటలీ దొర బండికి సీటు చిరిగితే నాలుగు కుట్లు వేశా. అంతే."

నిజానికి అంతే. ఎవరో పరదేశి, అద్దె జీపు, నాలుగు కుట్లు. అక్కడితో నోరు మూసుకోవాలనే ఆయన గట్టిగా అనుకున్నాడు. కానీ మేనల్లుడు రియాజ్ ఊరుకుంటేనా?

"ఇటలీ దొరే? ఏ కంపెనీ కారు మామూ?"

లాకు లేచింది.

"ఏ కంపెనీ ఏంట్రా, నువ్వు పేపర్లోంచి కత్తిరించి మా తలుపుకి అంటించలా, ఆ ఎద్దు బొమ్మ కారు, ఆ తోరెల్లి కంపెనీయే! ఆ దొర మొదట్లో మనలాంటోడే అబ్బాయ్. పెద్ద యుద్ధం అయిపోయాక మిలట్రీ లారీలు పొలాల్లో తుప్పు పట్టి పడుంటే, ఆ ఇనుముతో ట్రాక్టర్లు చేసి రైతులకి అమ్మాడు. చెయ్యి తిరిగింది. తిరిగాక ఓ పేరున్న కారు కొనుక్కున్నాడు. దానికి చూస్తే ఊరికే క్లచ్చి పోతోంది. ఆ కారు చేసిన ఆసామి దగ్గరికెళ్లి, అయ్యా మీ క్లచ్చి బాలేదండి అంటే, ట్రాక్టర్లు చేసుకునేవాడివి నీకు కార్ల సంగతి దేనికి పొమ్మన్నాడు."

"అంత మాటన్నాడా!" అన్నాడు బర్నబాస్. ట్రాక్టరు తోలి బతికిన మనిషి, రోషం వచ్చింది.

"అన్నాడు! మాట పడతాడా మనోడు? నీకంటే మంచి కారు చేసి నీ గుమ్మం ముందు హారన్ కొట్టకపోతే నా పేరు తోరెల్లి కాదన్నాడు. చేశాడు. ఇంజను కుదిరింది, క్లచ్చి వెన్నపూస. కానీ ఒక్క తంటా. కారు ముందుకెళ్లిపోతోంది, మనిషి ఉన్నచోటే ఉండిపోతున్నాడు! అంత జోరు. మనిషిని పట్టి ఉంచే సీటు కుట్టలేక ఇటలీ దర్జీలంతా కత్తెర్లు కింద పడేశారు. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"నీ దగ్గరికొచ్చాడు," అన్నాడు రియాజ్.

"నువ్వే చెబుతావా, నన్ను చెప్పనిస్తావా?"

"అదికాదు మామూ, అదంతా జరిగేనాటికి నువ్వింకా పుట్టలేదుగా?"

"పుట్టకముందు సంగతే చెబుతున్నా! పుట్టాక నాకు అంత తీరికెక్కడిదిరా, కొట్టూ సంసారమూను!"

అరుగంతా గొల్లుమంది. తలుపు తెర వెనక గాజులు గల్లుమన్నాయి. అవి హెచ్చరికగా మోగాయని బాబూలాల్‌కి తెలుసు. కానీ కాలవ అప్పటికే నిండుగా వస్తోంది.

"ఓడలోకి కారెక్కించుకుని సూర్యలంకలో దిగాడు. కొలతలు తీస్కోమన్నాడు. నేను టేపు ముట్టుకోలా. అల వెనక్కి పోయిన తడి ఇసకలో కూచోమన్నా. కూచుని లేచాడు. అచ్చు పడింది! ఆ అచ్చు ప్రకారం బిస్మిల్లా అని ఫోము కొయ్యబోతుంటే అల మళ్లా వస్తోంది, చెరిపేస్తుంది గదా? 'ఆగమ్మా, రెండు నిమిషాలు' అన్నా. ఆగింది."

"సముద్రమే?" అంది రాజమ్మ.

"నా మాటకి ఎందుకాగుద్ది పెద్దమ్మా? దేవుణ్ణి అడిగా. ఆయన చెప్పాడు, ఆగింది."

"ఊఁ," అంది రాజమ్మ. దేవుడి పేరెత్తితే ఆవిడ వాదానికి దిగదు.

"సీటు బిగించి, బాపట్ల స్టేషను దగ్గర రెండు టీలు చెప్పాం. టీ కొట్టువాడు పోసేలోపు రేపల్లె దాకా ఓ చుట్టు తిరిగొద్దామన్నాడు దొర. ఎక్కాం. మైలురాళ్లు దువ్వెన పళ్లలాగా కనబడుతున్నాయి. చెరుకుపల్లిలో ఓ పెద్దాయన తుమ్మబోతూ నోరు తెరిచాడు. మేం రేపల్లె చూసి వెనక్కొచ్చేటప్పుడు అన్నాడయ్యా 'హాఛ్' అని! మా నీడలు మాతో రాలేకపోయినై. రేపల్లెలో దిగి గోలీసోడా తాగుతుంటే అప్పుడొచ్చినై రొప్పుకుంటా."

"నీడలకి కూడా సోడా ఇప్పించావా బాబాయ్?"

"ఇప్పించా, తాగలా. ఇదంతా ఎందుకు, మేం బయల్దేరింది శనివారం. రేపల్లె మసీదులో నేను శుక్రవారం జుమ్మా అందుకున్నా!"

కూచున్నవాళ్లు ఒకళ్ల మీద ఒకళ్లు పడి నవ్వుతున్నారు. బర్నబాస్ కళ్లు తుడుచుకుంటున్నాడు. బాబూలాల్ ఒళ్లు దూదిపింజలా తేలిపోయింది.

"దొర నా రెండు చేతులూ పట్టుకున్నాడు. 'బాబూలాల్, నీకేం కావాలో కోరుకో' అన్నాడు. నాకేం వద్దు దొరా, మా తాత దగ్గర ఒంగోలు గిత్త ఉండేది, దాని బొమ్మ నీ కారు ముక్కు మీద పెట్టుకో చాలన్నా. పెట్టాడు. ఆ ఎద్దెవరిదనుకున్నారు? మా తాతది! ఇవాళ లోకంలో ఎంత కోటీశ్వరుడు ఆ కారెక్కినా మా గిత్తకి దణ్ణం పెట్టి ఎక్కాల్సిందే!"

రాజమ్మ మోకాళ్లు పట్టుకుని మెల్లిగా లేచింది. అరవయ్యేళ్లు పశువుల మధ్య పనిచేసిన మనిషి. కళ్లజోడు కొంగుతో తుడుచుకుని, తలుపుకి అంటించిన బొమ్మ దగ్గరికి వెళ్లి పైనించి కిందికి చూసింది.

"బాబూలాలూ," అంది. "ఒంగోలు గిత్త సరే. దీనికి మూపురం ఏది నాయనా?"

 బాబూలాల్ తల తిప్పి బొమ్మ వంక చూశాడు. నిజమే, ఆ ఎద్దు వీపు పీటలాగా ఉంది. రోజూ ఆ తలుపు తీస్తూ వేస్తూ కూడా ఆయన ఆ సంగతి చూడలేదు. బర్నబాస్ నవ్వు ముఖం మీదే ఆరిపోయింది. గ్లాసు కింద పెట్టి చేతి గడియారం చూసుకున్నాడు.

"పదమ్మా. గుంటూరు కొట్టు కట్టేసేలోపు వెళ్లొచ్చు."

తెర వెనక గాజులు కూడా మోగటం లేదు. ఇరవయ్యారు సీట్లూ లేచి వీధి మలుపు తిరిగి వెళ్లిపోతున్నట్టే కనిపించింది బాబూలాల్‌కి. 

"మూపురమా పెద్దమ్మా?" అన్నాడు. "ఆ సంగతి చెబితే నాకు దుఃఖం వస్తుందనే దాచా. ఇటలీ ఫోము రాయి. దాని మీద మనిషి కూచోలేడు. మెత్తదనం కోసం ఊళ్లన్నీ వెతికా, దొరకలా. మా గిత్త నా వంక చూసి, 'బాబూలాలూ, పరదేశి ముందు నువ్వు మాట పడకూడదు, నా మూపురం తీస్కో' అంది. దాన్నే సీట్లో పెట్టి కుట్టేశా. బొమ్మలో ఎట్టా ఉంటుంది? కారెక్కి కూచున్నవాడికి తెలుస్తుంది, ఎక్కడుందో!"

 ముందు రాజమ్మే పళ్లులేని నోరంతా తెరిచి నవ్వింది. తర్వాత ఆ నవ్వు వీధి చివర దాకా వెళ్లింది. బర్నబాస్ పొట్ట పట్టుకుని అరుగు మీద చతికిలబడ్డాడు.

"గుంటూరు వద్దులే బాబాయ్! నా బస్సులో కూడా ఆ మూపురమే పెట్టు. ఇరవయ్యారూ నువ్వే కుట్టు. ఇంతకీ ఎప్పటికిస్తావ్?"

బాబూలాల్ రోజుకి ఒక్క సీటు కంటే ఎక్కువ ఎన్నడూ కుట్టలేదు. ఆ మాటే చెబుదామని నోరు తెరిచాడు. గెలిచిన ఊపులో ఇంకోటి వచ్చింది.

"ఎల్లుండి పొద్దుటికల్లా!"

రియాజ్ ఆకాశం వంక చూశాడు. రాజమ్మ కళ్లజోడు తీసి ఒళ్లో పెట్టుకుంది.

"చూడు నాయనా. సముద్రం ఆగిందన్నావు, ఊఁ కొట్టాను. నీడలు రొప్పినయ్యన్నావు, ఊఁ కొట్టాను. మూపురం సంగతి కూడా నమ్మాను, మంచి పశువు, ఇచ్చే ఉంటుంది. కానీ కుట్టేవాడు ఎల్లుండికిస్తానంటే నమ్మటానికి, నాకు డెబ్బయ్యేళ్లు వచ్చినై బాబూ."

ఈసారి అందరికంటే ముందు నవ్వింది తెర వెనక జైనబ్ బీ. అది విని బాబూలాల్ చెవులు ఎర్రబడ్డాయి. వేళ్ల మీద ఏదో లెక్క వేసుకున్నాడు. మళ్లీ వేసుకున్నాడు.

"క్రిస్మస్‌కి వారం ముందు," అన్నాడు, అరుగు చివర కూచున్నవాళ్లకి వినబడనంత నెమ్మదిగా.

ఆ మాటకి ఎవరూ నవ్వలేదు. బర్నబాస్ జేబులోంచి బస్సు తాళం తీసి ఆయన చేతిలో పెట్టాడు.