వరసలు కలపకు

హలో… ఆ, నేనే. కుట్టు సెక్షన్ సూపర్‌వైజర్నే. ఎవరూ?…

ఓహో, బావగారా! ఇన్నేళ్ళకి మరదలు గుర్తొచ్చిందన్నమాట. అక్క బాగుందా?…

ఊఁ… ఊఁ… తెలుసు. బట్ట కత్తిరించే మిషనొచ్చింది, మీ కటింగ్‌వాళ్ళకి పని పోయింది. నేను వేలు కదపకుండానే కాగల కార్యం గంధర్వులే తీర్చారు! ఇప్పుడు మీ నీలం ఏప్రన్లన్నీ మా గుమ్మం ముందే. మీక్కూడా నా దగ్గర సీటు కావాలి, అంతేగా?

…కాదా? ఆగండి, ముందు నన్ను మాట్లాడనివ్వండి.

ఆ రోజు చొక్కాల చేతులు పొట్టిగా వచ్చాయి. కత్తిరించింది మీవాళ్ళు. మీకు తెలుసు. మేనేజరు అడిగితే ఏమన్నారు?… మర్చిపోయారా? నేను మర్చిపోలేదు. "కుట్టేవాళ్ళంతే సార్, చేతులొకచోట చూపులొకచోట." అంతే! మీ నీలం పరువు నిలబడింది, ఆ చొక్కాలు కుట్టిన మా ఆయన ఉద్యోగం ఊడింది. తోడల్లుడని కూడా చూళ్ళేదు మీరు.

…తప్పయిందా? ఇంకోసారి అనండి. నా కడుపు చల్లబడుతోంది.

ఫ్యాను కింద బెంచీ మీద మమ్మల్ని ఎప్పుడైనా కూర్చోనిచ్చారా? దారప్పోగులని పేరొకటి! నిన్న మావాళ్ళనడిగా, నీలంవాళ్ళని మన పక్కన కూర్చోబెట్టుకుందామా అని. ఒక్క చెయ్యి లేవలేదు బావగారూ. ఎంత ముచ్చటేసిందో!

…ఆఁ, వినండి. పొద్దున ఒకతె రానే వచ్చింది. నీలం ఏప్రను, దుమ్ము పడకుండా ముక్కుకి గుడ్డ. మొహమెవరు చూశారు, ఏప్రను చూస్తే చాలదూ? "పిన్నీ, పని నేర్చుకుంటా" అంది. నిన్నటిదాకా దారప్పోగుని, ఇవాళ పిన్నినయ్యా! "వరసలు కలపకు, ఇక్కడ నీకెవరూ పిన్ని లేరు, మీవాళ్ళంతే" అని అందరి ముందూ గేటు దాటించా. మావాళ్ళు చప్పట్లు కూడా—

…ఏంటీ?

…ఎవరూ? మీ అమ్మాయా?

…అబద్ధం. అది చిన్నపిల్ల కదా!… ఎప్పుడెదిగింది?… మీ పాత ఏప్రను కట్టుకుందా? అదెందుకిచ్చారు దానికి!

…మరి, నేను ఫలానా అని చెప్పొచ్చుగా!

…అవును. పిన్నీ అంది. ఇంకేం చెప్తుందిలే.

బావా, నా చంకలో పెరిగింది బావా అది. మిషన్ల రొదలో గొంతు… లేదు, రొద కాదు. వినబడింది నాకు.

దానికివ్వండి ఫోను. ఒక్క నిమిషం… అమ్మలూ?…

తీసుకోనంటోందా? ఏమంటోంది?… పర్లేదు, అన్నదన్నట్టే చెప్పండి.

…"కుట్టేవాళ్ళంతే" అందా.

హలో… బావా?… హలో—