గెడ్డం కింద మచ్చ

నాకు ఫిడేలు నేర్పిన గురువు లేడు. ఉంటే పాపం ఆయన పరువు పోయేది. అరవై రెండో సంవత్సరం వేసవిలో, నూజివీడు మామిడి వర్తకుడు పాండురంగారావు గారు తమ అమ్మాయి రాధకి ఫిడేలు మాస్టారి కోసం చూస్తున్నారని తెలిసి, ఆయన రోజూ టీ తాగే వెంకటరమణ కొట్టుకి పొద్దున్నే చేరాను. ఈ కొలువు కూడా దొరక్కపోతే ఫిడేలు పొయ్యిలో పెడతానంది మా ఆవిడ సూర్యకాంతం. ఆవిడ మాట తప్పదు.

"ఎక్కడైనా వాయించారా మాస్టారూ?" అన్నారాయన.

"పెద్దగా ఏం లేదండీ. జర్మనీలో ఒకాయన రెండొందల యాభై ఏళ్ళ కిందట ఫిడేలుకి రాసిన సొనాటా ఉంది, అది వాయించాను. సొనాటా అంటే నాలుగు భాగాల కచేరీ ముక్క లెండి. పక్క వాద్యాలుండవు, ఒక్క ఫిడేలే నలుగురిలా పలకాలి. విస్సన్నపేట రోడ్డులో జీపు చెడిపోయిన జర్మనీ దొర నాకా కాగితాలిచ్చాడు. మనలా మఠం వేసుక్కూర్చుంటే కుదరదండోయ్, నించుని గెడ్డం కింద నొక్కిపెట్టాలి. ఇదిగో గుర్తు!" అని ఎడమ దవడ కింద నల్లమచ్చ చూపించాను.

ఆయన కళ్ళజోడు సవరించుకుని చూశారు. "నిజమే, ఉంది."

అక్కడితో ఆగాల్సింది. నా నోరు ఆగే రకం కాదు.

"మీ చాట్రాయి తోటలోనే వాయించానండీ! మొదటి భాగం నిదానం, ఉడతలన్నీ కొమ్మ మీద బారుగా కూర్చున్నాయి. రెండోదాంట్లో ఒక స్వరం పరిగెడుతుంటే ఇంకోటి వెంటబడి తరుముతుంది, ఆ తర్వాత ఏమైందో తెలుసా? కోయిల సిగ్గుపడి ముసునూరు వెళ్ళిపోయింది."

"నడిచేనా?" అన్నాడు వెంకటరమణ, టీ తిరగబోస్తూ.

"మరి ఎగిరే ఓపికెక్కడిది దానికి! మూడో భాగానికి పచ్చికాయలు పసుపెక్కాయి. నాలుగోది మహా జోరు, కాయలన్నీ ఒక్కసారిగా రాలి, రసాలు రసాలూ, బంగినపల్లి బంగినపల్లీ వేరుపడి వాటంతటవే గంపల్లోకి దొర్లాయి. పక్కన నించుని విన్న దొర ఏడ్చేశాడు. తర్వాత ఉత్తరం రాశాడండీ, సరిగ్గా ఆ పూటే జర్మనీలో ఆ సొనాటా రాసిన పెద్దాయన సమాధిలోంచి చప్పట్లు వినపడ్డాయట!"

మూల గోనెపట్టా మీద కూర్చున్న మల్లయ్య గ్లాసు కింద పెట్టాడు. పాండురంగారావు గారి తోటకి కాపలా అతనే.

"కాయలు రాలిన మాట నిజమేనండి. ఈ మాస్టారు గారు కొమ్మెక్కితే రాలాయి. తొడిమ విరిచి సొన కార్చకుండా అక్కడికక్కడే కొరికేశారు. అది గెడ్డం మీదికి కారి బొబ్బెక్కింది. కొబ్బరినూనె రాసింది నేనే."

కొట్టులో వాళ్ళంతా నా దవడ వంక చూశారు. నేను టీలోకి చూశాను. పొయ్యిలో ఫిడేలు కనపడింది.

పాండురంగారావు గారు నవ్వలేదు. తీరిగ్గా టీ ముగించి, తువాలు భుజాన వేసుకున్నారు.

"రేపట్నించి రండి మాస్టారూ. ఇంత ఓపిగ్గా అబద్ధం అల్లేవారు మా పిల్ల అపస్వరాలు కూడా ఓర్చుకోగలరు. ఆ జర్మనీ ఆయన్ని వదిలేసి సరళీ వరసలు చెప్పండి చాలు. పాఠం మాత్రం మా వసారాలోనే, తోటలో వద్దు."

రెండడుగులు వేసి వెనక్కి తిరిగారు.

"మల్లయ్యా, మాస్టారికి రోజూ రెండు కాయలు పంపించు. తొడిమ విరిచి, కడిగి మరీ."